రీ-ఆర్‌సీటీలో పాత జీపీ ఎలా తీయాలి: సాల్వెంట్ సీసా చివర్లో చూద్దాం

పెందుర్తి నుంచి వచ్చిన పెద్దావిడ కుర్చీలో కూర్చోగానే అడిగింది. "ఏటి బాబూ, నరం తీయించీసేను, కేపు కూడా ఏయించీసేను గదా. మల్లీ ఈ నొప్పేటి?" సమాధానం ఎక్స్‌రేలో ఉంది. కింది దవడ మొదటి మోలార్, మీజియల్ (ముందు వైపు) వేరులో పాత గట్టా పెర్చా (జీపీ, అంటే వేరులోని నరపు దారిని, కెనాల్‌ని, నింపే రబ్బరు లాంటి పదార్థం) ఎపెక్స్‌కి (వేరు కొనకి) 4 మి.మీ. ముందే ఆగిపోయింది. దాని కింద గుండ్రంగా నల్లటి నీడ. బీడీఎస్ అయిపోయి సొంతంగా క్లినిక్ తెరిచిన మొదటి ఏడాదిలోనే ఇలాంటి ఎక్స్‌రే మీ దగ్గరికీ వస్తుంది. అలాంటి పన్నుకి రూట్ కెనాల్ (ఆర్‌సీటీ) మళ్ళీ చేయడమే రీ-ఆర్‌సీటీ.

కొత్త పన్నులో దారి మీరే వేసుకుంటారు. పాత పన్నులో ఇంకొకరు వేసిన దారి, వాళ్లు వదిలేసిన కెనాల్, వాళ్ల ఫైల్ (కెనాల్ గోకే సన్నటి సూది లాంటి పరికరం) గోడకి కొట్టిన మెట్టు, అన్నీ జీపీ కింద దాక్కుని ఉంటాయి. అక్కడ జూనియర్లు చాలామంది చేసే మొదటి పని సాల్వెంట్ (జీపీని కరిగించే ద్రవం) సీసా మూత తీయడం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఇప్పుడు నా వరస తిరగబడింది. జీపీ గట్టిగా ఉండగానే ఎంత వస్తే అంత బయటికి రప్పిస్తాను. కరిగించే పని ఏదైనా ఉంటే అది ఆఖర్లో మిగిలిన కాస్తకే. ఎందుకో దారిలో చెబుతాను.

ముందు తీయాలో వద్దో తేల్చండి

ఫైల్ పట్టుకునే ముందు ప్రోబ్ పట్టుకోండి. పన్ను చుట్టూ ఒక్కో మిల్లీమీటరు జరుపుతూ చిగురు లోతు చూడండి. అంతటా 2, 3 మి.మీ. ఉండి, ఒక్క చోట మాత్రం సన్నటి సందులోంచి ప్రోబ్ 8, 9 మి.మీ. దిగిపోయిందంటే వేరు నిలువునా చీలిందేమోనని అనుమానించాలి. చీలిన వేరులో జీపీ ఎంత శుభ్రంగా తీసినా ఆ పన్ను నిలవదు. పేషెంట్ డబ్బు, మీ గంటన్నర, రెండూ వృథా.

ఎక్స్‌రే ఒకటి సరిపోదు. ఒకటి తిన్నగా, ఇంకొకటి ట్యూబును 20 డిగ్రీలు మీజియల్ వైపు జరిపి తీయండి. పాత జీపీ వేరుకి నట్టనడుమ కాకుండా ఒక పక్కకి ఒరిగి కనిపిస్తే, రెండో పక్కన ఎవరూ ముట్టని కెనాల్ ఒకటి ఉందనే లెక్క. పై దవడ మొదటి మోలార్ అయితే ఎంబీ2 (బుగ్గ వైపు ముందు వేరులో ఉండే రెండో కెనాల్) కోసం వెతకాల్సిందే, సగానికి పైగా పళ్లలో అది ఉంటుంది. కింది మొదటి మోలార్‌లో రెండో డిస్టల్ (వెనక వైపు) కెనాల్ కూడా అరుదేమీ కాదు. ఆర్‌సీటీ ఫెయిలవడానికి కారణం వదిలేసిన కెనాలే అయితే, దొరికిన మూడింటిలో జీపీ ఎంత చక్కగా మార్చినా నొప్పి అలాగే ఉంటుంది. అనుమానం తీరకపోతే ఆ ఒక్క ప్రాంతానికి సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే స్కాన్) రాయండి. చిన్న ఫీల్డ్ చాలు.

కుళ్లంతా తీసేశాక చిగురు పైన చుట్టూ కనీసం 2 మి.మీ. గట్టి పన్ను మిగలాలి. మిగలదనిపిస్తే ఆ మాట ముందే చెప్పి, పన్ను తీసి బ్రిడ్జి గానీ ఇంప్లాంట్ గానీ పెట్టించుకునే దారి చూపించండి. ఎపెక్స్ వైపు నుంచి చేసే సర్జరీ కూడా ఉందని చెప్పండి. మొదటిసారి చేసిన ఆర్‌సీటీ కంటే రెండోసారి చేసినదానికి విజయావకాశం తక్కువనీ, పనిలో ఫైల్ విరగడం, వేరుకి చిల్లు పడటం జరగొచ్చనీ కేస్ షీట్‌లో రాసి సంతకం తీసుకోండి.

విశాఖలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "మళ్ళీ ఎప్పుడు ఊరెళ్తారు?" ఇక్కడ ఓడల మీద పనిచేసేవాళ్లు, హార్బర్ నుంచి వేటకు వెళ్లేవాళ్లు, పార్వతీపురం, అరకు నుంచి పొద్దున బయల్దేరి వచ్చేవాళ్లు చాలామంది. రీ-ఆర్‌సీటీ తర్వాత వాపు, నొప్పి మామూలు ఆర్‌సీటీ కంటే ఎక్కువగా రావచ్చు. అది మూడో రోజు నడిసముద్రంలో వస్తే ఆయన గతేంటి? మరపడవల మీద వెళ్లే మత్స్యకారులకు నేను ఏప్రిల్ 15 తర్వాత రమ్మని చెబుతాను. జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి తీరిగ్గా రెండు మూడు సిటింగ్‌లకు వస్తారు.

క్యాప్ ఒక ఆటంకం, పోస్ట్ ఇంకో ఆటంకం

క్యాప్ పదిలంగా ఉంచి దానికి చిల్లు పెట్టి లోపలికి వెళ్లొచ్చు. పేషెంట్‌కి ఖర్చు తగ్గుతుంది కానీ నాకు అది నచ్చదు. క్యాప్ కింద కుళ్లు ఉందో లేదో తెలియదు, పన్ను ఎటు వంగి ఉందో కనిపించదు, కెనాళ్ల కోసం చేసే తవ్వకం పక్కదారి పడుతుంది. అంచు దగ్గర ప్రోబ్ ఏమాత్రం ఇరుక్కున్నా క్యాప్ కోసి తీసేయండి. చుక్క చుక్కగా లాలాజలం దిగే క్యాప్ కిందే రీ-ఆర్‌సీటీ చేయడం అంటే తడి గోడకి సున్నం వేసినట్టే.

లోపల మెటల్ పోస్ట్ (క్యాప్‌కి ఊతంగా వేరులో దించిన కడ్డీ) ఉంటే చుట్టూ ఉన్న కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్), సిమెంట్ అంతా సన్నటి బర్‌తో (డ్రిల్ ముక్కతో) తొలిచి, ఆ తర్వాత అల్ట్రాసోనిక్ టిప్‌ను (అతివేగంగా కంపించే కొనను) పోస్ట్ చుట్టూ తిప్పండి. నీళ్లు పడుతూనే ఉండాలి. పదిహేను ఇరవై సెకన్లకోసారి ఆగండి. పోస్ట్ వేడెక్కితే ఆ వేడి వేరు దాటి ఎముకకి చేరుతుంది. వేరు బయటి వైపు 10 డిగ్రీలు పెరిగినా ఎముక దెబ్బతినవచ్చు. తొందరలో నీళ్లు ఆపేసి గట్టిగా నొక్కేవాళ్లను చూశాను. మీరు ఆ పని చేయకండి.

రబ్బర్ డ్యామ్ (పన్నుకి లాలాజలం తగలకుండా క్లాంప్‌తో బిగించే రబ్బరు తెర) మీద ఒక్క మాటే: అది లేకుండా రీ-ఆర్‌సీటీ మొదలుపెట్టకండి. కోతలు పెట్టిన పన్నుకి క్లాంప్ నిలవకపోతే ముందు కాంపోజిట్‌తో గోడ కట్టి అప్పుడు వేయండి.

లోపల ఉన్నదేమిటో తెలుసుకోండి

మనం జీపీ అని పిలిచే కోన్‌లో అసలు గట్టా పెర్చా సుమారు ఐదో వంతే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్, కొంచెం ఎక్స్‌రేలో తెల్లగా కనిపించడానికి కలిపే లవణాలు, మైనం. జైలీన్ పోసినా క్లోరోఫాం పోసినా కరిగేది ఆ ఐదో వంతు. జింక్ ఆక్సైడ్ పొడి కరగదు, తెల్లటి బురదలా తేలుతుంది. సాల్వెంట్ ముందే పోసేస్తే ఒక్క కడ్డీగా బయటికి రావాల్సింది పేస్టుగా మారి గోడలకి పూసుకుపోతుంది. అనకాపల్లి బెల్లం ముక్కగా ఉన్నప్పుడు చేత్తో తీసేయొచ్చు. అదే బెల్లాన్ని పాకం పట్టాక గిన్నె గోకి గోకి వదిలించాలి. కెనాల్ గోడల మీది డెంటినల్ ట్యూబ్యూళ్లలోకి (పన్ను గట్టి పొర డెంటిన్‌లోని అతి సన్నటి గొట్టాల్లోకి) ఆ పాకం దూరితే అక్కడి బ్యాక్టీరియాకి మీ హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిముల్ని చంపే ద్రవం) అందదు.

ఇంకో గుణం మనకు అనుకూలమైనది. దాదాపు 60 డిగ్రీలు దాటితే జీపీ మెత్తబడుతుంది. తిరిగే ఫైల్ రాపిడి వేడికే అది మెత్తబడి, ఫైల్ పళ్ల మధ్య చేరి పైకి వస్తుంది. రోటరీ రీట్రీట్‌మెంట్ ఫైళ్లు పనిచేసేది ఈ సూత్రం మీదే.

ఎక్స్‌రేలో మూడు విషయాలు చూసుకోండి. జీపీ ఎక్కడిదాకా ఉంది, దట్టంగా ఉందా పలచగా ఉందా, కెనాల్ ఎక్కడ వంకర తిరిగింది. జీపీ మధ్యలో నల్లటి గీతలు, ఖాళీలు కనిపిస్తే సంతోషించండి. అది వదులుగా ఉంది, సగం పని అయిపోయినట్టే.

పై మూడో వంతు: చోటు చేసుకోవడం

పల్ప్ ఛాంబర్ (పన్ను లోపలి నరపు గది) నేల మీద పాత సిమెంటు, కాంపోజిట్ మరక ఏదీ మిగలకూడదు. లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని, గాలి కొట్టి ఆరబెట్టి, నేల రంగు చూడండి. డెంటిన్ నేల కాస్త ముదురుగా, చుట్టూ గోడలు లేతగా ఉంటాయి. గులాబీ, నారింజ రంగు చుక్కలే జీపీ మూతులు. ఈ పని చేయడానికి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు. మిగతా గంట సులువవుతుంది.

ఇప్పుడు ఒక్కో మూతిలో 2, 3 మి.మీ. జీపీ తీయాలి. నా దగ్గర ఉన్న వేడి కడ్డీని 200 డిగ్రీల దగ్గర పెట్టి, రెండు మూడు సెకన్లు లోపల ఉంచి, మెత్తబడిన జీపీని అతుక్కున్నట్టే బయటికి లాగుతాను. ఆ పరికరం లేనివాళ్లు గేట్స్ గ్లిడెన్ (పొడవాటి కాడకి చిన్న తల ఉన్న డ్రిల్) 2, 3 నంబర్లతో నెమ్మదిగా దిగొచ్చు. ఆ రెంటి తల వెడల్పు 0.7, 0.9 మి.మీ. అది గోడను కోయడానికి కాదు, జీపీని తోడటానికి వాడుతున్నాం. వంకర మొదలయ్యే చోటు దాకా మాత్రమే. కింది మోలార్ మీజియల్ కెనాళ్లలో, పన్ను రెండు వేర్లు విడిపోయే వైపున డెంటిన్ పలచగా ఉంటుంది. గేట్స్ గ్లిడెన్‌ను అటు ఒరిగించారంటే చిల్లు పడుతుంది. ఎప్పుడూ బయటి గోడ వైపు ఆనించి పైకి లాగండి.

సముద్రపు గాలికి మన ఊళ్లో స్టీలు వస్తువులు త్వరగా తుప్పు పడతాయి. డబ్బాలో తుప్పు మచ్చ పడిన గేట్స్ గ్లిడెన్ కనిపిస్తే పారేయండి. దాని ధర, విరిగిన తల తీయడానికి మీరు పడే కష్టంతో పోలిస్తే ఏమీ కాదు.

నడుమ మూడో వంతు: రోటరీ దగ్గర రెండు నియమాలు

చాలా క్లినిక్‌లలో దొరికే ప్రోటేపర్ రీట్రీట్‌మెంట్ సెట్‌లో మూడు ఫైళ్లు. డీ1 పొట్టిది, 16 మి.మీ., కొన 0.30, టేపర్ (పైకి వెళ్లేకొద్దీ లావయ్యే తీరు) 9 శాతం. మూడింటిలో దాని కొన ఒక్కటే కోస్తుంది, అందుకే జీపీలోకి దిగిపోతుంది. డీ2 18 మి.మీ., డీ3 22 మి.మీ. వాటి కొనలు కోయవు. పై మూడో వంతుకి డీ1, నడుమకి డీ2, కిందికి డీ3 అని తయారీదారు లెక్క. నిమిషానికి 500 నుంచి 700 తిప్పులు. మామూలు షేపింగ్ కంటే వేగం ఎక్కువ పెట్టేది రాపిడి వేడి పుట్టాలని.

నా మొదటి నియమం: వంకర కెనాల్‌లో డీ3ని చివరిదాకా పంపను. కొన ఎపెక్స్‌కి 4, 5 మి.మీ. పైనే ఆగిపోతుంది. కింది భాగం చేతి ఫైళ్లది. రెండో నియమం: ఫైల్ దానంతట అది దిగాలి. రెండు మూడు సార్లు తేలికగా పైకీ కిందికీ ఆడించి బయటికి తీయండి, తడి గాజ్ గుడ్డతో ఫైల్ పళ్లు తుడవండి, ఏం వచ్చిందో చూడండి. నారింజ రంగు జీపీ వస్తోందంటే సరైన దారిలో ఉన్నారు. తెల్లటి పొడి వస్తోందంటే డెంటిన్ కోస్తున్నారు, ఆపండి. ఏమీ రాకుండా ఫైల్ మూలుగుతోందంటే జీపీ చల్లగా, దట్టంగా ఉంది. అప్పుడే నొక్కాలనిపిస్తుంది. ఆ క్షణంలోనే ఫైళ్లు విరుగుతాయి. బయటికి తీసి, పళ్లు విప్పుకున్న చోటు ఏదైనా మెరుస్తోందేమో వెలుతురులో చూసి, 15 నంబర్ హెచ్-ఫైల్‌తో (పైకి లాగితే కోసే చేతి ఫైల్‌తో) ఒక చిన్న సందు చేసి, మళ్ళీ రోటరీ పెట్టండి.

రోటరీ లేకపోయినా నష్టం లేదు. పలచగా నింపిన కెనాల్‌లో నేను ముందు హెచ్-ఫైళ్లే ప్రయత్నిస్తాను. జీపీకి, గోడకి మధ్య ఉన్న సందులో 20, 25 నంబర్లు రెండు మూడు దించి, ఒకదాన్నొకటి మెలేసినట్టు పట్టుకుని ఒకేసారి పైకి లాగితే, అదృష్టం బాగుంటే కోన్ మొత్తం ఒక్కసారి వచ్చేస్తుంది. తాటి ముంజు డొల్లలోంచి గుల్ల పడకుండా జారినప్పుడు కలిగే ఆనందం ఆ రోజు ఉంటుంది. కాకపోతే రోజూ జరగదు.

ఎపెక్స్ దగ్గర: చేయి చేసే పని

ఇక్కడే అసలు వ్యవహారం. ఎక్స్‌రే చూసి మీ కేసు మూడింటిలో ఏదో ముందే నిర్ణయించుకోండి. జీపీ సరైన పొడవు దాకా ఉందా, పొట్టిగా ఆగిందా, ఎపెక్స్ దాటి బయటికి పోయిందా?

సరైన పొడవు దాకా ఉంటే దారి ఉన్నట్టే. 10 నంబర్ కే-ఫైల్ (తిప్పుతూ దించే చేతి ఫైల్) కొనను కొంచెం వంచి, గడియారానికి కీ ఇచ్చినట్టు అటూ ఇటూ పావు తిప్పులు తిప్పుతూ దించండి. తర్వాత 15 నంబర్ హెచ్-ఫైల్ గోడలకి ఆనించి పైకి లాగుతూ ఉండండి. జీపీ నారలు నారలుగా వస్తుంది. ఫైల్‌తో కిందికి తోయడం అనేది ఇక్కడ ఎప్పుడూ లేదు, పైకి లాగడమే.

జీపీ బయటికి పోయి ఉంటే సాల్వెంట్ అసలు ముట్టకండి. మెత్తబడ్డ జీపీ తెగిపోతుంది, బయటి ముక్క అక్కడే ఉండిపోతుంది. పైదంతా తీశాక, కొత్త హెచ్-ఫైల్ ఒకటి, 20 లేదా 25 నంబర్, నెమ్మదిగా కుడివైపు తిప్పుతూ జీపీలోకి గుచ్చండి, మర బిగించినట్టు. కొన ఎపెక్స్‌ని అర మిల్లీమీటరు దాటేదాకా వెళ్లొచ్చు. ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాత తిప్పకుండా, తొందర లేకుండా, తిన్నగా పైకి లాగండి. వస్తే మొత్తం వస్తుంది. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే వదిలేయండి. బయట ఉన్న జీపీ తుంపుని శరీరం చాలాసార్లు ఓర్చుకుంటుంది. లోపలి కెనాల్ శుభ్రమైందా లేదా అన్నదే ముఖ్యం.

పొట్టిగా ఆగిన కేసే కష్టం, పెందుర్తి ఆవిడది అదే. ఎపెక్స్‌కి అంత ముందే ఆగిందంటే ఒక్కోసారి కారణం మెట్టు: ఫైల్ వంకరలో తిరగకుండా గోడని తొలిచి ఆగిపోయిన చోటు. జీపీ చివరిదాకా తీశాక ఎక్స్‌రే తీసి ఫైల్ కొన ఎక్కడుందో చూడండి. 8 లేదా 10 నంబర్ కే-ఫైల్ కొసను 2, 3 మి.మీ. దగ్గర కొక్కెంలా వంచండి. రబ్బర్ స్టాపర్ మీది గీతను వంకర వైపు తిప్పి పెట్టండి, లోపల కొన ఎటు చూస్తోందో ఆ గీతే చెబుతుంది. కెనాల్ నిండా హైపో ఉంచి, ఫైల్‌ను తేలికగా గుచ్చి గుచ్చి చూస్తూ చుట్టూ తిప్పండి. ఎక్కడో ఒక చోట కొన చిక్కుకున్నట్టు, జిగురు పట్టినట్టు అనిపిస్తుంది. అదే దారి. ఆ చోటుని పోగొట్టుకోకుండా, ఫైల్‌ను బయటికి లాగేయకుండా, చిన్న చిన్న తిప్పులతో కిందికి దించండి. దిగాక ఒక మిల్లీమీటరు ఎత్తులో పైకీ కిందికీ పదీ ఇరవై సార్లు ఆడించి, మెట్టు అంచు అరిగాకే బయటికి తీయండి. అరగంటలో దొరక్కపోతే కాల్షియం హైడ్రాక్సైడ్ (సిటింగ్‌ల మధ్య కెనాల్‌లో ఉంచే మందు) పెట్టి మూసి ఇంకో రోజు పిలవండి. మరుసటి సిటింగ్‌లో తొలి ఐదు నిమిషాల్లోనే దొరికిన సందర్భాలు నాకు ఎన్నో. అలసిన వేళ్లకు స్పర్శ తెలియదు.

అప్పటికీ దొరక్కపోతే అక్కడిదాకా శుభ్రం చేసి నింపి కనిపెట్టి ఉండటమో, ఎండోడాంటిస్ట్ దగ్గరికి పంపడమో చేయాలి. గోడకి చిల్లు పెట్టి కొత్త దారి కనిపెట్టడం కంటే రెండూ మేలే.

సాల్వెంట్: చుక్కతోనే పని

ఇప్పుడు సీసా తీయొచ్చు. ప్రాక్టీస్ మొదలుపెట్టిన రోజుల్లో ఒక కింది మోలార్ డిస్టల్ కెనాల్‌లో సిరంజితో జైలీన్ నింపేసి, మెత్తబడ్డ జీపీలో ఫైల్ తోసుకుంటూ వెళ్లాను. ఫైల్ చకచకా దిగింది, నా పని అయిపోయిందని సంబరపడ్డాను. ఎక్స్‌రేలో ఎపెక్స్ బయట తెల్లటి మబ్బు. మెత్తబడ్డ జీపీనీ, సాల్వెంట్‌నీ, దానితో పాటు కెనాల్‌లోని మురికినీ ఎముకలోకి నేనే తోసేశాను. ఆ పేషెంట్ వారం పాటు నిద్ర లేకుండా గడిపాడు. ఫోన్ మోగినప్పుడల్లా నాకు టెన్షన్.

కాబట్టి మూడు జాగ్రత్తలు. పెద్ద జీపీ అంతా వచ్చేశాక, గోడలకి అంటిన పొరకీ, దారికి ఇంకా అడ్డుపడుతున్న కొసరు జీపీకీ మాత్రమే వాడండి. ట్వీజర్ కొనల మధ్య పట్టిన ఒక చుక్క ఛాంబర్‌లో వదిలితే చాలు. ఫైల్ ఎపెక్స్‌కి 2, 3 మి.మీ. దగ్గరకి వచ్చిందంటే సాల్వెంట్ ఆపేయండి.

ఏ సాల్వెంట్? జీపీని కరిగించడంలో క్లోరోఫాంకి సాటి లేదు, కానీ దాన్ని క్యాన్సర్ కారకం కావచ్చునన్న 2బీ జాబితాలో పెట్టారు. ఏసీ కోసం తలుపులు, కిటికీలు మూసి కూర్చునే మన క్లినిక్‌లలో దాని ఆవిరి పీల్చేది మీరూ, మీ అసిస్టెంటూ. జైలీన్ కాస్త నెమ్మది. నారింజ తొక్క నూనె ఇంకా నెమ్మది కానీ వాసన భరించగలం, చేతులకు ఘాటు తక్కువ. నేను అదే వాడతాను. ఏదైనా గాజు గిన్నెలో పోసుకోండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌నూ, రబ్బర్ డ్యామ్‌నూ ఈ ద్రవాలు తినేస్తాయి. కిటికీ ఒక పది నిమిషాలు తీసి ఉంచితే ఏసీ బిల్లు మునిగిపోదు.

సాల్వెంట్ చుక్క వేశాక పేపర్ పాయింట్ పెట్టి పీల్చండి. పాయింట్ మీద నారింజ రంగు మరక వస్తుంది. మళ్ళీ చుక్క, ఫైల్‌తో గోడలు తుడిచినట్టు లాగడం, మళ్ళీ పాయింట్. నాలుగైదు సార్లు ఇలా చేశాక పాయింట్ తెల్లగా వస్తుంది. కరిగినదాన్ని పీల్చి బయటికి తెచ్చే ఈ పని చాలామంది దాటవేస్తారు. సాల్వెంట్ పని పూర్తవడం అంటే పాయింట్ తెల్లగా రావడమే. ఆ తర్వాతే హైపో. లోపల సాల్వెంట్ ఉండగానే హైపో పోయకండి.

జీపీ కానప్పుడు

పైన చెప్పిందంతా జీపీ, మామూలు సీలర్ల (జీపీని గోడకి అంటించే సిమెంటు) గురించి. లోపల ప్లాస్టిక్ కడ్డీ మీద జీపీ పోత పోసిన ఓబ్చురేటర్ ఉంటే, కడ్డీని బర్‌తో కోయకండి. దాని పక్కన చుట్టూ ఉన్న జీపీని వేడితో మెత్తబరిచి, హెచ్-ఫైల్‌తో పక్కనుంచి పట్టి లాగాలి. పాతకాలపు వెండి పాయింట్ల (జీపీకి బదులు కెనాల్‌లో పెట్టిన వెండి కడ్డీల) తల కూడా అంతే. అల్ట్రాసోనిక్ టిప్ దాని చుట్టూ సిమెంటు మీద ఆడించాలి, వెండి మీద కాదు. మెత్తటి లోహం, చిటుక్కున తెగుతుంది. ఇటుక రంగులో గట్టిపడిన రెసార్సినాల్ పేస్టు ఎదురైతే సాల్వెంట్లు పనిచేయవు, అల్ట్రాసోనిక్‌తో మైక్రోస్కోప్ కింద తొలచాలి. మొదటి ఏడాదిలో అలాంటి కేసు మీద చేయి పెట్టవద్దని నా సలహా.

బయోసెరామిక్ సీలర్ కొత్త తలనొప్పి. సింగిల్ కోన్‌తో నింపి ఉంటే కోన్ సులువుగా వస్తుంది, సీలర్ మాత్రం రాయిలా ఉండిపోతుంది, ఏ సాల్వెంట్‌కీ కరగదు. కోన్ పూర్తి పొడవు దాకా ఉంటే కోన్ వచ్చిన దారిలోనే ఫైల్ దిగుతుంది. పొట్టిగా ఉండి, కింద సీలర్ మాత్రమే ఉంటే దారి దొరక్కపోవచ్చు. అందుకే ముందే పేషెంట్‌తో ఆ మాట అనండి.

శుభ్రం, చివరి ఎక్స్‌రే, మూత

అంతా తీసేశామని అనిపించాక తీసే ఎక్స్‌రేలో తప్పకుండా ఇంకా ఏదో తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఏ ఫైల్, ఏ సాల్వెంట్, ఏ పద్ధతి వాడినా జీపీ నూటికి నూరు శాతం రాదు. ముఖ్యంగా కోడిగుడ్డులా పొడవాటి కెనాళ్లలో గోడల మూలల్లో మిగులుతుంది. లూప్స్‌లో కనిపించేది, ఎక్స్‌రేలో కనిపించేది తీయండి. మిగతా పని నీళ్లమందులది. మొదటిసారి కెనాల్‌ని షేప్ చేసిన ఫైల్ సైజుకంటే కనీసం రెండు సైజులు పెంచి షేప్ చేస్తే మూలల్లోని పొర చాలావరకు ఊడుతుంది, హైపో అక్కడికి అందుతుంది.

పొడవు కొలవడం ఇప్పుడే. మధ్యలో జీపీ, సాల్వెంట్ ఉండగా ఎపెక్స్ లొకేటర్ (కెనాల్ పొడవు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) చూపే అంకెను నమ్మి ఒకసారి మోసపోయాను. కెనాల్ ఖాళీ అయ్యాక కొలిచి, ఎక్స్‌రేతో సరిచూసుకోండి.

3 నుంచి 5 శాతం హైపో, పక్కకి రంధ్రం ఉన్న 30 గేజ్ సూది, కొలిచిన పొడవుకి 2 మి.మీ. తక్కువలో స్టాపర్. సూది ఇరుక్కోకూడదు, పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. రీ-ఆర్‌సీటీలో ఎపెక్స్ రంధ్రం వెడల్పై ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి హైపో బయటికి పోయే ప్రమాదమూ ఎక్కువ. అల్ట్రాసోనిక్ టిప్‌తో 20 సెకన్ల చొప్పున మూడుసార్లు హైపోను కలియబెట్టండి. ప్రతిసారీ ఛాంబర్‌లో కొత్త నారింజ రేణువులు తేలుతాయి. 17 శాతం ఈడీటీఏ (గోడల మీది పొడి పొరను తీసే ద్రావణం) ఒక నిమిషం. క్లోర్‌హెక్సిడిన్ (ఇంకో క్రిమినాశక ద్రవం) వాడాలనుకుంటే మధ్యలో సెలైన్‌తో కడిగి ఆరబెట్టండి, హైపోతో కలిస్తే గోధుమ రంగు గసి ఏర్పడి అది ట్యూబ్యూళ్లని మూసేస్తుంది.

కెనాళ్లు ఆరబెట్టాక చీము, రక్తం ఊరుతూ ఉంటే ఆ రోజు నింపకండి. కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి, కనీసం 3, 4 మి.మీ. మందాన గట్టి టెంపరరీ వేసి, వారం పది రోజులకి పిలవండి. ఆ రోజు రాత్రికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు సరిపోతుంది. గ్యాస్ట్రిక్ అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది వద్దు, పారాసిటమాల్ ఇవ్వండి. నొప్పి ఉందని యాంటీబయాటిక్ రాయకండి. వాపు పాకుతూ ఉంటే, జ్వరం ఉంటే రాయండి. పేషెంట్ వెళ్లేముందు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: మూడు రోజులు నమిలితే నొప్పి ఉండొచ్చు, బుగ్గ వాచినా నోరు తెరవడం కష్టమైనా ఆగకుండా ఫోన్ చేయండి. పార్వతీపురం బస్సెక్కాక గుర్తు తెచ్చుకోడానికి ఆ కాగితమే ఉపయోగపడుతుంది.

నింపిన వెంటనే పైన కాంపోజిట్ కోర్, వీలైనంత త్వరలో క్యాప్. ఆరు నెలలకి ఒక ఎక్స్‌రే, ఏడాదికి ఒకటి. నీడ తగ్గుతూ ఉంటే చాలు, పూర్తిగా మాయమవడానికి నాలుగేళ్ల దాకా పట్టొచ్చు. పెందుర్తి ఆవిడ కెనాల్‌లో మెట్టు దాటే దారి రెండో సిటింగ్‌లో దొరికింది, మీజియోలింగ్వల్ (ముందు, నాలుక) వైపు. ఆమెకు ఆరు నెలల ఎక్స్‌రే తేదీ ఇవ్వడం అయింది. పాత ఎక్స్‌రేలు, వాడిన ఫైళ్ల సైజులు, కెనాల్ పొడవులు, మిగిలిన ఆ రెండు తెల్లటి చుక్కల వివరం, అన్నీ షీట్‌లో రాసి ఉన్నాయి. ఆరు నెలలకి ఆ షీట్ తెరిచి, చుక్కల్నీ నీడనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.